ప్యాసేజీ కింద ఐదు ప్రశ్నలు: కాలేజీ ఇంగ్లీషు పఠనాభ్యాసంపై ఒక సమీక్ష

బీటెక్ ఫస్టియర్ విద్యార్థి ముందు రెండు కాగితాలు పెట్టామనుకుందాం. ఒకటి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలోని ప్యాసేజీ. మూడు వందల మాటలుంటాయి, కింద ఐదు ప్రశ్నలుంటాయి. రెండోది అదే రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో వాడబోయే మల్టీమీటర్ మాన్యువల్లోని రెండు పేజీలు. మొదటి కాగితంలో ఐదుకు నాలుగు తెచ్చుకునే పిల్లలే రెండో కాగితంలో రెండు పేరాలు దాటలేక పక్కవాళ్ళను అడగడం మన కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు కొత్త సంగతి కాదు.

రెండూ చదవడమే కదా, మొదటిది వచ్చినవాళ్ళకు రెండోది ఎందుకు రావడం లేదు?

ఈ ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్ళకుంది. స్కూల్లోనే పునాది పడలేదని ఇంగ్లీషు లెక్చరర్లు అంటారు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ మా పిల్లలకు పనికొచ్చేవి చదివించడం లేదని సబ్జెక్టు లెక్చరర్లు అంటారు. రోజుకు పది ఆర్సీలు (రీడింగ్ కాంప్రహెన్షన్ ప్యాసేజీలు) చేయిస్తే అదే వస్తుందని క్యాంపస్ ఉద్యోగాలకు తయారుచేసే సీఆర్టీ ట్రైనర్లు అంటారు. అసలు తెలుగులో చెప్పి ఉంటే ఈ గొడవే లేదనేవాళ్ళూ ఉన్నారు. అందరి మాటలోనూ కొంత నిజం ఉండబట్టే వాదం చిక్కుపడింది. ఆ చిక్కు ఎక్కడ పడిందో, ఏ పోగు ఎటు పోతుందో ఒకసారి విడదీసి చూడాలి.

లైబ్రరీ భాష నుంచి వెర్బల్ దాకా

చదవడం మీదే ముందు దృష్టి పెట్టాలన్న ఆలోచన మన ఉపఖండంలోనే గట్టిగా మొదలైంది. ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ ద్విభాషా స్థితి మీద పుస్తకం వేశారు. బెంగాలీ విద్యార్థికి శాస్త్ర సమాచారం తన భాషలో దొరకడం లేదు, కాబట్టి ఇంగ్లీషు మాట్లాడటం కన్నా చదవడం అతనికి ముందు అవసరం అన్నది ఆయన వాదన. మాటలను లెక్కపెట్టి, తరచూ వచ్చేవాటిని ముందు నేర్పే రీడర్లు తయారుచేశారు. 1953లో అచ్చయిన ఆయన పదపట్టికలో సుమారు రెండు వేల మాటలున్నాయి.

అదే కాలంలో హైదరాబాదులో మరో ప్రయోగం నడిచింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉర్దూలో బోధించింది, ఇంగ్లీషును మాత్రం అందరికీ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. సొంత భాషలో చదువుకుని, ఇంగ్లీషును బయటి లోకంలోకి కిటికీలా తెరిచి పెట్టుకోవాలన్న ఏర్పాటు అది. తెలుగు వైపున 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్ర గ్రంథాలను తెలుగులో తెచ్చే పని తలకెత్తుకున్నాయి.

1964–66 నాటి కొఠారి కమిషన్ ఇంగ్లీషుకు 'లైబ్రరీ భాష' అని పేరు పెట్టింది. అంటే మాట్లాడినా మాట్లాడకపోయినా, గ్రంథాలయంలో పుస్తకం తీసి చదవగలగాలి. అంతకు ముందే, 1958లో, ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) దాని వారసురాలే. వాక్య నిర్మాణాలను వరసగా వల్లె వేయించే పద్ధతిదే అప్పట్లో రాజ్యం. దానిమీద అసంతృప్తితో ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టారు. రైళ్ళ టైంటేబుల్, ఊరి మ్యాపు లాంటివి చేతికిచ్చి, ఆలోచించి తేల్చాల్సిన పని ఒకటి పెడితే, అర్థం కోసం వెతికే క్రమంలో భాష తనంతట తానే పడుతుందని ఆయన నమ్మకం.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, క్యాంపస్ సెలెక్షన్లు వచ్చాయి. 'లైబ్రరీ భాష' మాట మరుగున పడి 'కమ్యూనికేషన్ స్కిల్స్' ముందుకొచ్చింది. చదవడమన్నది ప్లేస్‌మెంట్ పరీక్షలో 'వెర్బల్' అనే భాగంలో ఒక మూలకు చేరింది. 2021లో రెండు ఎదురెదురు నిర్ణయాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చింది. ఇంజనీరింగును తెలుగుతో సహా భారతీయ భాషల్లో చెప్పుకోవచ్చని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతించింది. వందేళ్ళ వాదం ఇంకా ఒక కొలిక్కి రాలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ప్యాసేజీ పాఠమా, పరీక్షా?

ఈ కింది వాక్యం చదవండి. 'తిరబ ఒక మొలసాన్ని గెడపలో జిమురింది.' తిరబ దేన్ని జిమురింది? మొలసాన్ని. ఎక్కడ జిమురింది? గెడపలో. రెండుకు రెండు మార్కులు వచ్చాయి. వాక్యానికి మాత్రం అర్థమే లేదు. తెలుగు విభక్తులు తెలిస్తే చాలు, జవాబులు రాలిపోతాయి.

మన ప్రశ్నపత్రాల్లో చాలా ప్రశ్నలు ఈ కోవలోవే. ప్రశ్నలోని మాట ప్యాసేజీలో ఎక్కడుందో కళ్ళతో వెతికి, ఆ చుట్టుపక్కల వాక్యాన్ని ఎత్తి రాస్తే సరిపోతుంది. మల్టీమీటర్ మాన్యువల్‌కు కింద ప్రశ్నలుండవు. ఏది వెతకాలో చదివేవాడే తేల్చుకోవాలి. మొదటి కాగితం వచ్చినవాళ్ళకు రెండోది రాకపోవడానికి ఇదొక ప్రధాన కారణమని నా అభిప్రాయం.

అలాగని ప్రశ్నలన్నీ పనికిమాలినవని కొట్టిపారేయలేం. 1968లో జాన్ మన్బీ ఒక పాఠ్యపుస్తకంలో బహుళైచ్ఛిక ప్రశ్నలనే బోధనకు వాడారు. ప్రతి తప్పు జవాబు వెనకా ఒక రకం పొరపాటు పఠనం ఉండేలా వాటిని కూర్చారు. ఒకటి ఎంచుకున్నవాళ్ళు 'కానీ' లాంటి మాటను దాటేసినవాళ్ళు, ఇంకొకటి ఎంచుకున్నవాళ్ళు ప్యాసేజీలో లేని సొంత అభిప్రాయాన్ని కలిపినవాళ్ళు. సరైన జవాబు ఏదన్నది అక్కడ చిన్న విషయం. ఇది ఎందుకు తప్పు అని గుంపుగా కూర్చుని వాదించుకోవడంలోనే పాఠం ఉంది. మన క్లాసుల్లో ప్యాసేజీ ఉంది, బిట్లు ఉన్నాయి, 'కీ' ఉంది. ఆ వాదులాట ఒక్కటే లేదు.

ప్రశ్నల స్థాయి గురించీ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు అటానమస్ కాలేజీల ప్రశ్నపత్రాల్లో ప్రతి ప్రశ్న పక్కనా బ్లూమ్స్ లెవెల్ వేస్తున్నారు. ఫలానాది గుర్తుపెట్టుకోవడం, ఫలానాది విశ్లేషణ అని. 1989లో భాషా పరీక్షల పరిశోధకుడు చార్లెస్ ఆల్డర్సన్, బొంబాయి విశ్వవిద్యాలయానికి చెందిన యాస్మీన్ లుక్మానీ కలిసి సరిగ్గా ఈ సంగతినే పరీక్షించారు. ఒక ప్రశ్న ఏ స్థాయిదో, ఏ నైపుణ్యాన్ని కొలుస్తుందో అనుభవం ఉన్న అధ్యాపకులకే ఏకాభిప్రాయం కుదరలేదు. పక్కన అంకె వేసినంత మాత్రాన ప్రశ్న పైమెట్టు ఎక్కదు.

నైపుణ్యాలా, తెలివిడా?

పఠనం ఎలా వస్తుందన్నదానిపై నాలుగు వాదాలున్నాయి. మొదటి వాదం వాళ్ళ లెక్కలో పఠనం కొన్ని నైపుణ్యాల కూర్పు. ముఖ్యాంశం పట్టుకోవడం, వివరం వెతకడం, సందర్భాన్ని బట్టి మాట అర్థం ఊహించడం, చెప్పనిదాన్ని గ్రహించడం. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా సాధన చేయిస్తే మొత్తం వస్తుందని దీని సారాంశం. జేఎన్‌టీయూ సిలబస్‌లో స్కిమ్మింగ్, స్కానింగ్, ఇంటెన్సివ్, ఎక్స్‌టెన్సివ్ అన్న మాటలు ఈ దారిన వచ్చినవే. ఇక్కడ జరిగిన అన్యాయం ఏమిటంటే, చేయవలసిన పని కాస్తా రాయవలసిన జవాబుగా మారిపోయింది. స్కిమ్మింగ్‌కూ స్కానింగ్‌కూ తేడా రాయమని సెమిస్టర్ పరీక్షలో అడుగుతారు. గైడులో చూసి నాలుగు పాయింట్లు బట్టీ పట్టిన విద్యార్థి జీవితంలో ఒక్క పేజీ కూడా స్కిమ్ చేయకుండానే పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు.

రెండో వాదం దీన్ని తలకిందులు చేస్తుంది: చదివే విషయం గురించి ముందే ఉన్న తెలివిడే అర్థాన్ని పట్టిస్తుందంటుంది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు వయసు దగ్గరి 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట మీద ప్యాసేజీ ఇచ్చారు. పఠన పరీక్షల్లో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, పరీక్షల్లో ముందున్నా ఆట తెలియని పిల్లల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. బేస్‌బాల్ బదులు క్రికెట్ అనుకుంటే మనకు వెంటనే తెలుస్తుంది. పదో తరగతి తప్పిన కుర్రాడు ఇంగ్లీషు పేపర్లో మ్యాచ్ రిపోర్టు గడగడా చదివేస్తాడు. విషయం తెలిసినవాడికి భాష దారి ఇస్తుంది.

తెలివిడి వాదం నిజమైతే మన పాఠ్యపుస్తకాల అల్లికనే ప్రశ్నించాల్సి వస్తుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 రెగ్యులేషన్లలో ఫస్టియర్ ఇంగ్లీషుకు నిర్ణయించిన పుస్తకంలోని ఐదు యూనిట్లు చూడండి. మొదటిది రామన్ ఎఫెక్ట్. రెండోది ప్రాచీన భారతీయ వాస్తుకళ. మూడోది బ్లూ జీన్స్. నాలుగోది మనం ఏం తినాలి. ఐదోది ఒక చైనా మహిళ కోట్లకు పడగలెత్తిన కథ. ఏ పాఠానికాపాఠం బాగానే ఉంది. కానీ కాంతి చెదరడం, తరంగదైర్ఘ్యం వంటి మాటలు కాస్త చెవికి అలవాటయ్యే వేళకు పాఠం అయిపోతుంది, విద్యార్థి గుడి గోపురం కిందికి చేరతాడు, అక్కణ్ణుంచి జీన్స్ ప్యాంటులోకి. మాటలు మళ్ళీ ఎదురుపడవు, విషయం మీద విషయం పేరుకోదు.

ఎంత తెలిస్తే చదవగలం?

మూడో వాదం పరిమాణం గురించి. పదజాల పరిశోధకుడు పాల్ నేషన్ లెక్క ప్రకారం ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే పేజీలోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలి. వార్తలు, నవలలు ఆ స్థాయిలో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని 2006లో ఆయన తేల్చారు. మన మూడు వందల మాటల ప్యాసేజీలో 98 శాతం అంటే తెలియని మాటలు ఆరు. 90 శాతమే తెలిస్తే ముప్ఫై. ముప్ఫై గుంతలున్న దారిలో ఏ బండీ వేగంగా పోదు. 'సందర్భాన్ని బట్టి ఊహించండి' అన్న సలహా అక్కడ చెల్లదు, సందర్భమే గుంతలమయం కాబట్టి.

దీనికి విరుగుడుగా, తేలికైనవి, నచ్చినవి, ఎక్కువగా చదివించాలని ఈ వర్గం అంటుంది. ఫిజీ గ్రామీణ పాఠశాలల్లో ఎలీ, మంగుభాయ్ అనే పరిశోధకులు తరగతుల్లోకి కథల పుస్తకాలను వరదలా వదిలి, 1983లో ప్రకటించిన ఫలితాలు ఈ వాదానికి ఇప్పటికీ పెద్ద అండ. అయితే అక్కడివాళ్ళు చిన్నపిల్లలు, చదివినవి కథలు. ఆరు బ్యాక్‌లాగులతో, వారానికి రెండు ఇంగ్లీషు పీరియడ్లతో ఉన్న పంతొమ్మిదేళ్ళ విద్యార్థికి కథల వరద థర్మోడైనమిక్స్ దాకా దారి వేస్తుందా అన్నదానికి ఈ పరిశోధన జవాబు చెప్పదు.

సైన్సు వాక్యం ఎక్కడ అడ్డం తిరుగుతుంది

మీడియం మారితే కష్టం టెక్నికల్ పదాల దగ్గర వస్తుందని చాలామంది అనుకుంటారు. అందుకే పాఠం చివర గ్లాసరీ పెడతారు. న్యూటన్ శీతలీకరణ నియమాన్ని ఇంగ్లీషులో ఎలా రాస్తారో చూడండి: 'ద రేట్ ఎట్ విచ్ ఎ బాడీ లూజెస్ హీట్ ఈజ్ ప్రపోర్షనల్ టు ద డిఫరెన్స్ బిట్వీన్ ఇట్స్ టెంపరేచర్ అండ్ దట్ ఆఫ్ ఇట్స్ సరౌండింగ్స్.'

ఇందులో రేట్, బాడీ, హీట్, ప్రపోర్షనల్, టెంపరేచర్ అన్నీ ఇంటర్ ఎంపీసీ విద్యార్థికి తెలిసినవే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు కూడా విననివి కావు. చదివేవాడు తడబడేది 'ఎట్ విచ్' దగ్గర, 'దట్ ఆఫ్' దగ్గర. ఇవి ఏ గ్లాసరీలోనూ ఉండవు. తెలుగులో వర్ణన ముందు వచ్చి మాట తర్వాత వస్తుంది: 'వస్తువు వేడిని కోల్పోయే వేగం' అంటాం. ఇంగ్లీషు 'వేగం' అన్న మాటను ముందే పెట్టి, దాని సంగతి తర్వాత చెబుతుంది. 'రేట్'కూ దాని క్రియ అయిన 'ఈజ్'కూ మధ్య ఆరు మాటలు దూరాయి. తెలుగు చెవి ఆ ఆరు మాటల్లోని 'లూజెస్'నే వాక్యానికి అసలు క్రియ అనుకుంటుంది. ఇక చివర్లోని 'దట్' అంటే 'అది' అని స్కూల్లో నేర్చుకున్నారు. ఇక్కడ అది 'టెంపరేచర్'కు బదులు నిలబడింది. ఈ రెండు ముడులూ విప్పి చూపించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించడం లేదన్నదే నా బాధ. ఇంగ్లీషు లెక్చరర్ దీన్ని ఫిజిక్స్ అనుకుని వదిలేస్తారు, ఫిజిక్స్ లెక్చరర్ ఇంగ్లీషు అనుకుని వదిలేస్తారు.

పని కాగితాల సంగతి

ఉద్యోగంలో ఎదురయ్యే కాగితాలు మరో జాతివి. వాటిలో తప్పు చదివితే పోయేది మార్కు ఒక్కటే కాదు. డ్రమ్ము మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే, 'ఇన్‌కరెక్ట్', 'ఇన్‌కంప్లీట్' చదివిన అలవాటుతో అంటుకోనిదని అర్థం తీసుకునే ప్రమాదం ఉంది. ఆ మాటకు అర్థం సరిగ్గా ఎదురు. భద్రతా లేబుళ్ళ మీద 'ఫ్లేమబుల్' అన్న మాట స్థిరపడింది ఈ భయంతోనే. ఆఫర్ లెటర్లో 'సబ్జెక్ట్ టు', 'అన్‌లెస్', 'ఇన్ లూ ఆఫ్ నోటీస్' వంటి చిన్న మాటల మీదే జీతం, బాండు, నోటీసు పీరియడ్ అన్నీ ఆధారపడతాయి. క్యాంపస్‌లో సెలెక్టయిన పిల్లలు ప్యాకేజీ అంకె చూసి సంతకం పెడుతున్నారు. పక్కనున్న పేరా చదవడం కాలేజీలో వాళ్ళకు ఎవరు నేర్పారు?

పరీక్షలు పెట్టేవాళ్ళు ఈ తేడా ఎప్పుడో గుర్తించారు. ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్ పఠనం వేరు, జనరల్ ట్రైనింగ్ పఠనం వేరు. రెండోదాంట్లో ఉద్యోగానికి సంబంధించిన కాగితాలు ఉంటాయి. ప్రత్యేక అవసరాల ఇంగ్లీషు అనే నాలుగో వాదం 1960ల నుంచి చెబుతున్నది ఇదే: ఎవరు ఏం చదవబోతున్నారో అదే చదివించండి. దీనికి ఎదురు వాదం కూడా బలమైనదే. మెకానికల్ చదివినవాడు సాఫ్ట్‌వేర్‌కు పోతున్న చోట ఏ అవసరమని చూసి నేర్పాలి? డేటాషీట్ అర్థం కాని ఇంగ్లీషు లెక్చరర్ దాన్ని ఎలా చెప్పాలి?

క్లాసులో తెలుగుకు చోటు

1980లలో బ్రెజిల్ విశ్వవిద్యాలయాల్లోనూ చదువుకు కావలసిన ఇంగ్లీషు రచనలు విద్యార్థులు చదవలేని సమస్యే వచ్చింది. సావో పావ్లో కేంద్రంగా ఆంటోనియెటా సెలానీ నడిపిన ప్రాజెక్టు ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. చదవడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని, క్లాసులో చర్చ పోర్చుగీసులో జరగనిచ్చింది. అర్థమైందో లేదో తేల్చుకోవడానికి విద్యార్థి తన భాషలో చెప్పగలిగితే చాలు. బ్రెజిల్ పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులోని లాటిన్ మూలాల మాటలు పోర్చుగీసుకు దగ్గర బంధువులు. మనకు ఆ చుట్టరికం లేదు. కానీ వోల్టేజీ, ఫోర్స్, సెల్, ఎంజైమ్ వంటివి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. పైన చూసినట్టు అసలు ముడి వాక్యంలో ఉంది, దాన్ని విప్పడానికి తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టడం కన్నా మంచి సాధనం లేదు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినిపిస్తే తప్పు జరిగినట్టు చూసే అలవాటును మనం మానుకోవాలి.

నాలుగు వాదాలూ పక్కపక్కన

నైపుణ్యాల వాదం చెప్పేవాటిని చిటికెలో నేర్పవచ్చు, పరీక్ష పెట్టడం సులువు, కానీ త్వరగానే దాని లాభం అయిపోతుంది. తెలివిడి వాదం ఎక్కువ మేలు చేస్తుంది, అయితే పాఠ్యపుస్తకం మొత్తాన్ని తిరగరాయమంటుంది. పరిమాణ వాదానికి పుస్తకాలు, తీరిక కావాలి. మన సెమిస్టర్లో రెండూ తక్కువే. ప్రత్యేక అవసరాల వాదం విద్యార్థికి ఆసక్తి పుట్టిస్తుంది, లెక్చరర్‌ను భయపెడుతుంది.

ఈ నాలుగింటినీ కలిపే దారి ఒకటి ఉంది. 1981లో భాషాభ్యాస పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ 'ఇరుకు పఠనం' అనేదాన్ని ప్రతిపాదించారు: ఒకే విషయం మీద అనేక రచనలు చదవడం. రామన్ పాఠాన్నే తీసుకోండి. ఒక వారం పాఠం, మరో వారం ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం మీద పత్రికా వ్యాసం, మూడో వారం ఫిజిక్స్ పుస్తకంలోని రెండు పేజీలు. నాలుగో వారం మందుల కంపెనీలో ముడిసరుకు సరైనదో కాదో తేల్చడానికి వాడే చేతి రామన్ పరికరం గురించిన సూచనలు. హైదరాబాదు చుట్టూ ఇన్ని ఫార్మా కంపెనీలున్నప్పుడు ఇది ఊహాలోకపు పాఠం కాదు. సైన్సు నుంచి పని దాకా ఒకే దారం, అవే మాటలు పదిసార్లు ఎదురుపడతాయి.

తేలనివి

ఇంగ్లీషు చదవలేకపోవడం భాష లోపమా, చదివే అలవాటు లోపమా అని 1984లో ఆల్డర్సన్ అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. 1995లో బెర్న్‌హార్ట్, కామిల్ అనే పరిశోధకులు లెక్కలు కట్టి, రెండో భాష పఠనంలో సుమారు ఇరవై శాతం మాతృభాష పఠనం నుంచి, ముప్ఫై శాతం రెండో భాష పరిజ్ఞానం నుంచి వస్తాయన్నారు. మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తుందో తేలలేదు. తెలుగులోనే పేజీ చదవని తరానికి ఆ ఇరవై శాతం కూడా దక్కుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఫోన్లో చదవడం సంగతి కూడా తేలాలి. 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్షలో సమాచార రచనల విషయంలో కాగితానిదే పైచేయి అయింది. మన పిల్లల పుస్తకాలన్నీ వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లే. ప్యాసేజీని కృత్రిమ మేధకు ఇచ్చి సారాంశం తెప్పించుకునే అలవాటు చదవడాన్ని పెంచుతుందా తుంచుతుందా అని చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది.

అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఇంగ్లీషు లెక్చరర్లకు నా విన్నపం ఇది. వచ్చే సెమిస్టర్లో ప్యాసేజీ కింద రాసిన జవాబుకు మార్కు వేసే ముందు, అది ఏ వాక్యం నుంచి వచ్చిందో గీత గీసి, ఆ వాక్యాన్ని సొంత తెలుగులో చెప్పమని విద్యార్థిని అడగండి.